ఎర్రచందనం టిష్యూ కల్చర్: గింజ నుంచి సంచి మొక్క దాకా

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ. ఎర్రచందనం తనంతట తాను పెరిగే నేల దాదాపు ఈ కొండలే. అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఈ చెట్టు ఉంది. మందుకు, రంగుకు పనికొచ్చేది చేవ (కాండం నడిమి గట్టి ఎర్ర కర్ర) మాత్రమే కాబట్టి చెట్టు కొట్టకుండా సరుకు రాదు. కొట్టినదాని చోటు నింపడం కూడా తేలిక కాదు. కొమ్మ నాటితే వేరు సరిగా పట్టదు. కాయలో ఉండేది ఒక గింజ, అప్పుడప్పుడు రెండు. మొలక తక్కువగా వస్తుంది, వచ్చేది కూడా విడతలు విడతలుగా వస్తుంది. గింజను ఏడాది దాచితే మొలకెత్తే శక్తి బాగా పడిపోతుంది.

అలాగని ప్రతి ఎర్రచందనం మొక్కకూ ల్యాబ్ అక్కర్లేదు. మంచి గింజలు చేతినిండా దొరికితే నర్సరీ మడిలో చల్లుకోవడమే చవక, మేలు. గింజ కొద్దిగానే దొరికినప్పుడు, లేదా ఎంపిక చేసిన ఒక చెట్టునే అచ్చంగా మళ్లీ తీయాలనుకున్నప్పుడు టిష్యూ కల్చర్, అంటే మొక్క ముక్కను క్రిములు లేని సీసాలో పోషకాల మీద పెంచడం, పనికొస్తుంది. ఈ రెండూ వేర్వేరు పనులు. లేత మొలక ముక్క నుంచి పిలకలు తీయడం సులువు. కానీ ఆ మొలక పెద్దయ్యాక ఎలాంటి చేవ పడుతుందో ఎవరికీ తెలియదు. పెద్ద చెట్టు కణుపు నుంచి తీస్తే తల్లి గుణం మనకు ముందే తెలుసు, కానీ అది సీసాలో చాలా మొండిగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవారు మొలకలతోనే చేయి అలవాటు చేసుకోవాలి.

గింజకైనా, కణుపుకైనా అడవిలోని చెట్టు జోలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. పట్టా భూమిలో పెంచిన చెట్టు నుంచి తీసుకుంటే యజమాని రాతపూర్వక అంగీకారం, భూమి కాగితాల నకలు ఫైల్లో పెట్టుకోండి. రేపు మొక్కలు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు అవి ఎక్కడివో చూపించగలగాలి.

ముందు తల్లి చెట్ల పట్టిక

అడవిని నిలబెట్టడానికి మొక్కలు పెంచుతున్నట్టయితే ఒక్క చెట్టు గింజలతో పని మొదలుపెట్టకండి. కనీసం 20 నుంచి 30 తల్లి చెట్లు ఉండాలి, ఒకదానికొకటి 100 మీటర్ల దూరమైనా ఉండాలి. పక్కపక్క చెట్లు చాలాసార్లు అక్కాచెల్లెళ్లే. ప్రతి చెట్టుకూ ఒక అంకె ఇచ్చి, ఆ చోటు, ఎత్తు, మొదలు చుట్టుకొలత, కాయ కోసిన తేదీ రాయండి. ఆ అంకె ప్రతి సీసా మీదా, ప్రతి సంచి మీదా చివరిదాకా కనిపించాలి. ల్యాబ్‌లో బాగా పిలకలు వేసే వంశం మిగతావాటిని తొక్కేస్తుంది. ఒక చెట్టు నుంచి 300 సీసాలు, ఇంకో చెట్టు నుంచి నాలుగు సీసాలు మిగులుతాయి. అందుకే ప్రతి వంశానికీ సీసాల పరిమితి ముందే పెట్టుకుని, అది దాటాక కోయడం ఆపేయాలి.

సరంజామా

లామినార్ ఫ్లో (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే పని బల్ల), ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పాత్ర; చిన్న పనికి 15 పౌండ్ల ఒత్తిడి నిలిపే పెద్ద ప్రెషర్ కుక్కర్ చాలు), మిల్లీగ్రాము తూచే త్రాసు, పీహెచ్ (ఆమ్లత) కొలిచే మీటర్, ఏసీ గది, 16 గంటలు వెలిగి 8 గంటలు ఆరిపోయేలా టైమర్ పెట్టిన ఎల్ఈడీ ర్యాకులు. సీసాల దగ్గర వెలుతురు 2000 నుంచి 3000 లక్స్, గది వేడి 25 డిగ్రీల సెల్సియస్, అటూ ఇటూ రెండు డిగ్రీలు. మన ఊళ్లలో కరెంటు పోతే మే నెలలో గది రెండు గంటల్లోనే 35 దాటుతుంది. సీసాల్లో ఆకులు రాలిపోవడానికి ఇదొక్కటీ చాలు. ఇన్వర్టర్ కొనేటప్పుడు లైట్లకంటే ముందు ఏసీని లెక్కలోకి తీసుకోండి.

హార్మోన్ ద్రావణాలు

బీఏపీ, టీడీజెడ్ పిలకలు వేయించే హార్మోన్లు, వీటినే సైటోకైనిన్లు అంటారు. ఐబీఏ వేరు పుట్టించేది, జిబ్బరెల్లిక్ ఆమ్లం కాండాన్ని సాగదీసేది. బీఏపీ 100 మి.గ్రా. తూచి, 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ కొన్ని చుక్కలతో కరిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ. చేయండి. ఇందులో ఒక మి.లీ. అంటే ఒక మి.గ్రా. ఐబీఏను కూడా ఇదే లెక్కలో, కొద్దిగా ఆల్కహాల్‌లో కరిగించి చేయాలి. టీడీజెడ్ చాలా ఘాటైనది కాబట్టి దాన్ని పది రెట్లు పలచగా చేసుకోవాలి. 10 మి.గ్రా. మందును కొద్దిపాటి డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి 100 మి.లీ.కి పెంచితే మి.లీ.కి 0.1 మి.గ్రా. వస్తుంది. జిబ్బరెల్లిక్ ఆమ్లం ఆటోక్లేవ్ వేడికి చెడిపోతుంది. దాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, ఉడికిన మీడియం (ముక్కను నాటే పోషకాల గుజ్జు) 45–50 డిగ్రీలకు చల్లారాక, గడ్డకట్టకముందు కలపాలి. సీసాలన్నీ ఫ్రిజ్‌లో, తేదీ వేసి ఉంచండి. నెల దాటినవి పారబోయడం మంచి అలవాటు.

మీడియం

పిలకల కోసం ఒక లీటరుకు:

ఎంఎస్ పొడి (మురాషిగే–స్కూగ్ అనే లవణాల మిశ్రమం; విటమిన్లు కలిపినది, చక్కెర, అగార్ లేనిది) 4.4 గ్రా.
చక్కెర 30 గ్రా.
బీఏపీ ద్రావణం 1 మి.లీ.
టీడీజెడ్ ద్రావణం 1 మి.లీ.
ఆస్కార్బిక్ ఆమ్లం 100 మి.గ్రా., సిట్రిక్ ఆమ్లం 50 మి.గ్రా.
అగార్ (మీడియాన్ని గడ్డకట్టించే సముద్రపు నాచు పొడి) 8 గ్రా.

అంటే లీటరుకు బీఏపీ 1 మి.గ్రా., టీడీజెడ్ 0.1 మి.గ్రా. పడ్డాయి. అగార్ వేయకముందే పీహెచ్ 5.8కి తేవాలి. పీహెచ్ 5 కంటే దిగితే అగార్ గడ్డకట్టదు, గంజిలా ఉండిపోతుంది. చాలామంది అగార్ నాణ్యతను తిట్టుకుంటారు గానీ తప్పు పీహెచ్ మీటర్‌లో ఉంటుంది. దాన్ని రోజూ 4, 7 బఫర్లతో సరిచూసుకోండి. పరీక్షనాళికకు 15 మి.లీ., జామ్ సీసాకు 40 మి.లీ. పోసి, 121 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఉంచాలి. ఎక్కువసేపు పెడితే చక్కెర మాడి మీడియం గోధుమరంగుకు తిరుగుతుంది, అది మొలకలకు మంచిది కాదు. చేసిన మీడియాన్ని మూడు రోజులు ఊరికే ర్యాకులో ఉంచి, బూజు రానివే వాడండి.

గింజ శుద్ధి

కాయ ముదిరి గోధుమరంగుకు తిరిగాక కోయాలి. చుట్టూ ఉన్న రెక్కను కొమ్మలు కత్తిరించే కత్తెరతో తీసేసి, కాయ అంచును జాగ్రత్తగా విప్పి గింజ బయటికి తీయండి. కాయతో పాటే శుద్ధి చేయాలని చూస్తే పని జరగదు. ఆ పీచులో దాగిన బూజు ఏ మందుకూ చావదు. ముడుచుకుపోయినవి, పురుగు రంధ్రం ఉన్నవి ఏరేయండి.

గింజలను పలచటి బట్టలో మూటకట్టి, రెండు చుక్కల ట్వీన్-20 (సబ్బులాంటి ద్రవం) వేసిన నీటిలో కడిగి, కుళాయి కింద అరగంట ఉంచాలి. తరువాత లీటరుకు 2 గ్రాముల బావిస్టిన్ (కార్బెండజిమ్ అనే బూజు మందు) కలిపిన నీటిలో 20 నిమిషాలు. ఇక్కడి నుంచి పనంతా లామినార్ ఫ్లో లోపలే. 70 శాతం ఆల్కహాల్‌లో 30 సెకన్లు, తరువాత 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు ఊపుతూ ఉంచాలి. సీసా మీద 4 శాతం అని ఉన్న హైపోక్లోరైట్ అయితే 250 మి.లీ.కి 750 మి.లీ. నీళ్లు కలిపితే ఈ పాళ్లు వస్తాయి. పాత సీసా వాడొద్దు, నిలవ ఉన్నకొద్దీ క్లోరిన్ పోతుంది. చివరగా శుద్ధమైన నీటితో నాలుగైదు సార్లు కడగాలి.

పెద్ద చెట్టు కణుపులకు 0.1 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్ వాడటం పాత అలవాటు. అది పనిచేస్తుంది, కానీ పాదరసం విషం. గింజలకు దాని అవసరం లేదు. కణుపులకు తప్పదనుకుంటే 3 నుంచి 5 నిమిషాలే, చేతికి గ్లవ్స్ వేసుకుని. కడిగిన నీళ్లన్నీ వేరే డబ్బాలో పట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి. సింక్‌లో పోయడం నేరంతో సమానం.

శుద్ధి చేసిన గింజలను హార్మోన్ లేని సగం బలం ఎంఎస్ (పొడి సగమే వేసిన మీడియం) మీద, నాళికకు ఒకటి చొప్పున వేయండి. ఒకే సీసాలో పది వేస్తే ఒక్కదాని బూజు పదింటినీ తింటుంది. మొలక కనిపించేదాకా చీకట్లో ఉంచి, ఆ తరువాత వెలుతురులోకి తేవాలి.

ముక్క కోయడం, పిలకలు

మొలకకు 15 నుంచి 20 రోజులు వచ్చాక కోతకు తగిన వయసు. అన్నిటికంటే బాగా పిలకలు వేసేది బీజదళాలు (గింజలోంచి వచ్చే మొదటి రెండు ఆకులు) కాండాన్ని పట్టుకుని ఉన్న కణుపు. దాని కింద అర సెంటీమీటరు, పైన అర సెంటీమీటరు ఉంచి కోయండి. బీజదళాలను మొదలు దగ్గర రెండు మిల్లీమీటర్లు వదిలి తీసేయాలి, పూర్తిగా చెక్కేస్తే చంకలోని మొగ్గ కూడా పోతుంది. కణుపు మీడియం పైన ఉండేలా, కిందిభాగం మాత్రమే దిగేలా నిలువుగా గుచ్చాలి. కొస చిగురును కూడా పారేయకండి, అది ఇంకో సీసాకు పనికొస్తుంది.

రెండు మూడు రోజుల్లో ముక్క చుట్టూ మీడియం గోధుమరంగుకు మారడం మామూలే. కోతలోంచి కారి గాలికి రంగు మారే ఫినాల్స్ అనే రసాయనాలు అవి. ఎర్రచందనానికి ఈ గుణం ఎక్కువ. కోసిన మొదటి మూడు రోజులు చీకట్లో ఉంచితే కొంత తగ్గుతుంది. రంగు ముదిరితే ఐదో రోజున, మళ్లీ పదో రోజున కొత్త మీడియంలోకి మార్చాలి, కిందిభాగం నల్లబడితే ఒక మిల్లీమీటరు కోసి నాటాలి. ఇంత చేసినా ఆగకపోతేనే లీటరుకు ఒక గ్రాము యాక్టివేటెడ్ చార్‌కోల్ వేయండి. చార్‌కోల్ ఫినాల్స్‌తో పాటు హార్మోన్లనూ పీల్చేస్తుంది కాబట్టి పిలకల మీడియంలో అది చివరి మార్గమే.

రెండు వారాల్లో మొగ్గలు విచ్చుకుంటాయి. నాలుగు వారాలకు పిలకల గుత్తిని విడదీసి మళ్లీ కొత్త మీడియంలో పెట్టాలి. ఇలా ఒక్కో మార్పిడి ఒక విడత. టీడీజెడ్ మొదటి విడతకు, మహా అయితే రెండో విడతకు. ఆ తరువాత కూడా అదే మీడియంలో తిప్పుతుంటే పిలకలు పొట్టిగా, కాండం అతుక్కుపోయి, ఆకు ముడుచుకుని కోడిజుట్టులా తయారవుతాయి. అవి లెక్కకు చాలా కనిపిస్తాయి, కానీ ఒక్కటీ వేరు పట్టదు. మూడో విడత నుంచి టీడీజెడ్ తీసేసి, బీఏపీ అర మి.గ్రా.కు దించి, జిబ్బరెల్లిక్ ఆమ్లం అర మి.గ్రా. చేర్చితే కాండం సాగుతుంది.

విడతలు ఆరేడుకు మించనివ్వకండి. ముక్క అడుగున ఉబ్బే తెల్లటి కాలస్ (ఆకారం లేని కణాల గడ్డ) నుంచి వచ్చిన పిలకలను కూడా వాడొద్దు. జన్యువుల్లో మార్పులు చొరబడే దారి అదే. చంక మొగ్గ నుంచి వచ్చినవే తల్లికి నమ్మకమైన నకళ్లు.

సీసాలో కనిపించే జబ్బులు

బూజు ఎక్కడ మొదలైందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ముక్కకు దూరంగా మీడియం మీద చుక్కలా వస్తే గాలి, చేతులు, పట్టకారు కారణం. ముక్కనే చుట్టుకుని వస్తే శుద్ధి చాలలేదు. రెండు మూడు వారాలు శుభ్రంగా ఉండి, తరువాత ముక్క అడుగున పాలలాంటి మబ్బు వస్తే అది కణజాలం లోపలే కాపురమున్న బ్యాక్టీరియా. పైపై శుద్ధికి అది లొంగదు. పెద్ద చెట్ల కణుపుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఆ సీసాల మీద యాంటీబయాటిక్స్ ఖర్చు పెట్టడం కంటే తీసేయడమే మంచిది. చెడిన సీసాను కల్చర్ గదిలో మూత తీయకుండా, అలాగే ఆటోక్లేవ్ చేశాకే కడగాలి.

ఆకులు మందంగా, పెళుసుగా, గాజులా మెరుస్తుంటే సీసాలో తేమ, సైటోకైనిన్ రెండూ ఎక్కువయ్యాయని అర్థం. అగార్ 9 గ్రాములకు పెంచి, బీఏపీ తగ్గించి, గాలి ఆడే ఫిల్టర్ మూత వాడండి. పచ్చగా ఉన్న ఆకులు ఉన్నట్టుండి పండి రాలితే సీసాలో ఎథిలీన్ (మొక్క వదిలే, ఆకును పండించే వాయువు) నిండింది. దానికీ గాలి ఆడే మూత, ఆలస్యం చేయని మార్పిడి మందు. కొస చిగురు మాత్రమే నల్లబడి ఎండితే కాల్షియం అందట్లేదు. ఎంఎస్‌లో లీటరుకు 440 మి.గ్రా. ఉండే కాల్షియం క్లోరైడ్‌ను 660కి పెంచి చూడండి.

వేరు: అసలు పరీక్ష

పిలకల సంఖ్య చూసి సంబరపడితే ఇక్కడ దెబ్బ తింటారు. ఒక కణుపు విడతకు నాలుగు చొప్పున మూడు విడతల్లో 64 పిలకలు ఇచ్చిందనుకోండి. సగానికి వేరు పడితే 32. అందులో పదికి ఆరు చొప్పున బయటి గాలికి నిలిస్తే చేతికొచ్చేవి 19. పిలకలను రెట్టింపు చేయడానికి పడే శ్రమలో సగం వేరు మీద పెట్టినా చివరి లెక్క ఎక్కువ పెరుగుతుంది.

మూడు సెంటీమీటర్లు దాటి, నాలుగైదు ఆకులున్న పిలకనే ఎంచుకోండి. ముందు మూడు వారాలు హార్మోన్ లేని మీడియంలో ఉంచాలి, లోపల మిగిలిన సైటోకైనిన్ వేరును అణిచేస్తుంది కాబట్టి. తరువాత అడుగును పదునైన బ్లేడుతో కణుపు కిందుగా కోసి, సగం బలం ఎంఎస్, లీటరుకు చక్కెర 15 గ్రా., ఐబీఏ 1 మి.గ్రా. ఉన్న మీడియంలో నాటండి. మొదటి వారం చీకటి. వేరు మొలక కనబడగానే హార్మోన్ లేని మీడియంలోకి మార్చాలి. ఐబీఏలో ఎక్కువ రోజులు ఉంచితే అడుగున కాలస్ గడ్డ ఉబ్బి, వేరు ఆ గడ్డలోంచి పుడుతుంది. అలాంటి వేరుకూ కాండానికీ నాళాల కలయిక ఉండదు. సీసాలో చక్కగా కనిపిస్తుంది, సంచిలో పెట్టిన వారానికి మొక్క వాడిపోతుంది. అనుమానం ఉంటే ఒక మొక్కను నిలువుగా చీల్చి చూడండి. వేరు నేరుగా కాండంలోకి కలిసి ఉండాలి.

గాలికి అలవాటు చేయడం

వేర్లు రెండు మూడు సెంటీమీటర్లు ఉండగానే బయటికి తీయండి, ఇంకా పొడుగైతే కడిగేటప్పుడు విరుగుతాయి. గోరువెచ్చని నీళ్లలో అగార్ మొత్తం పోయేదాకా కడగాలి. అగార్‌లోని చక్కెర కొంచెం మిగిలినా కుళ్లు పుట్టి వేరు పోతుంది. లీటరుకు ఒక గ్రాము బావిస్టిన్ నీటిలో ఐదు నిమిషాలు ముంచి, ఆటోక్లేవ్ చేసిన ఇసుక, వర్మికులైట్ (తేమ పట్టి ఉంచే తేలికైన ఖనిజం) సమపాళ్లుగా నింపిన కప్పులో నాటి, పైన ఇంకో పారదర్శకమైన కప్పు బోర్లించండి.

సీసాలో పెరిగిన ఆకుకు మైనపు పూత పలచన, ఆకు రంధ్రాలు మూసుకోవడం రాదు. అందుకే మొదటి వారం లోపలి తేమ 90 శాతం దగ్గర ఉండాలి. రెండో వారం పై కప్పుకు ఒక రంధ్రం, మూడో వారం మూడు నాలుగు రంధ్రాలు, నాలుగో వారం సాయంత్రాలు కప్పు తీసి ఉంచడం, అలా వదిలించాలి. వారానికోసారి చక్కెర లేని పావు బలం ఎంఎస్ లవణాల నీళ్లు పోయండి. కప్పు అడుగున నీరు నిలవకూడదు. ఎర్రచందనం రాళ్లగుట్టల చెట్టు, ఎండకు ఓర్చుకుంటుంది గానీ తడి కాళ్లను భరించదు.

కొత్త ఆకు ఒకటి పూర్తిగా విచ్చుకున్నాక ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపిన పాలిథిన్ సంచిలోకి మార్చి, 50 శాతం షేడ్‌నెట్ కింద పెట్టండి. నాటేటప్పుడు వేరు తాకేలా వేరుశిలీంధ్రపు పొడి, అంటే మైకోరైజా, సంచికి 5 నుంచి 10 గ్రాములు వేస్తే సత్తువ లేని మట్టిలోనూ మొక్క భాస్వరం తీసుకోగలుగుతుంది.

ఈ పని ఏ నెలలో పడుతుందో ముందే లెక్క వేసుకోవాలి. ఫిబ్రవరి, మార్చిలో గింజ చేతికొస్తే ఏప్రిల్‌కు మొలక, అక్టోబరు దాకా పిలకలు, నవంబరులో వేరు, డిసెంబరు, జనవరి చలిలో గాలికి అలవాటు. వేసవి మొత్తం షేడ్‌నెట్ కింద గడిచి, తొలకరికి ముందు నెల రోజులు ఎండ తగిలి, జూలైలో పొలానికి వెళ్తాయి. ఇదే క్రమం నాలుగు నెలలు జారితే కప్పులు తీసే రోజులు కడప మే ఎండల్లో పడతాయి. అప్పుడు మిస్ట్ ఛాంబర్ (సన్నని తుంపర చల్లే గది) ఉన్నా సగం కాపాడటం కష్టం.

పెద్ద చెట్టును తీయాలంటే

నేరుగా పెద్ద చెట్టు కొమ్మ కణుపును సీసాలో పెట్టకండి. ముందు ఆ చెట్టు పుల్లను ఏడాది వయసున్న మొలక మీద చీలిక అంటు కట్టి, షేడ్‌నెట్ కింద పెంచండి. ఆకుల మీద నీళ్లు పడకుండా మొదలు దగ్గర మాత్రమే పోస్తూ, పది రోజులకోసారి బావిస్టిన్ పిచికారీ చేయండి. అంటు తలలను రెండు మూడుసార్లు తుంచితే లేత చిగుళ్లు వస్తాయి. వాటి రెండో, మూడో కణుపులే సీసాకు తగినవి. వాటిలో బూజు తక్కువ, ఫినాల్స్ తక్కువ, మొగ్గ త్వరగా కదులుతుంది. అయినా మొలక ముక్కలంత పిలకలు ఆశించకండి, వేరు కూడా ఆలస్యమే.

అలల్లాంటి గీతలున్న చేవకు ధర ఎక్కువ కదా, అలాంటి చెట్టునే క్లోన్ చేస్తే సరిపోతుందని చాలామంది అడుగుతారు. చేవ పడటానికి ఏళ్లు కావాలి. సంచిలోని మొక్కను చూసి ఆ గీత వస్తుందో రాదో చెప్పే వీలు లేదు. హామీ ఇచ్చి మొక్కలు అమ్మేవారి దగ్గర కొనకండి, మీరూ అలా అమ్మకండి. కొనేవారికి ఇవ్వగలిగిన నిజమైన హామీలు తల్లి చెట్టు అంకె, విడతల సంఖ్య, వీలైతే ఐఎస్ఎస్ఆర్ మార్కర్లతో (డీఎన్ఏను పోల్చే ఒక పరీక్ష) చేయించిన జన్యు పోలిక నివేదిక.

పొలంలో నాటాక అల్యూమినియం రేకు మీద తల్లి అంకె చెక్కి, మొదలుకు కాదు, పక్కన పాతిన రాతికి కట్టండి. కాండానికి కడితే లావయ్యేకొద్దీ తీగ లోపలికి దిగి బెరడును కోస్తుంది. మూడు నెలలకు, ఏడాదికి ఒకసారి లెక్కించి, ఏ వంశంలో ఎన్ని బతికాయో మళ్లీ ల్యాబ్ పట్టికలో ఎక్కించండి. వచ్చే ఏడు ఏ తల్లికి ఎన్ని సీసాలు కేటాయించాలో ఆ పట్టికే చెబుతుంది.